గోడ అవతలి పొయ్యి

తొలి ఏకాదశి నాడు ఎమ్మిగనూరు లాడం వీధిలో పొగ లేని అగ్ని పుట్టింది. పుట్టింది ఏ యాగశాలలోనో కాదు; వీధి చిట్టచివర, దానమ్మ వంటింట్లో. అరచేతి వెడల్పున్న ఇనుప పొయ్యి మీద నీలిరేకులు ఒక్కసారిగా విచ్చుకొని, చప్పుడు చేయక, కన్ను మండించక, కొలను లేని చోట పూసిన కలువలా నిలిచాయి. వాకిట మూగిన జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూశారు.

ముందుగా నోరు విప్పినవాడు బడే సాబ్. వీధి మలుపులో కాపురం, దూది ఏకడం వృత్తి. గడ్డం మీద నాలుగు దూదిపింజలు లేకుండా ఆయనను చూసినవారు లేరు.

"పేడలో ఇంత అందం ఉండాదని తెలిసింటే, నిన్న మా ఎద్దును అన్ని మాటలు అనకపోదును గదప్పా!"

నవ్వులు రేగాయి. దానమ్మ ఆ నవ్వులను పట్టించుకోలేదు. కొంగు బిగించి, తోమి తోమి తళతళలాడించిన గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. పాలు అంచు దాటి పొంగాక కళ్ళు మూసుకొని పెదవులు కదిపింది. ఆమె ప్రభువుకు ఏమి చెప్పుకుందో ఎవరికీ వినబడలేదు.

ఆమె తమ్ముడు కృపానందం తలుపువార నిలబడి ఆ మంటనే చూస్తున్నాడు. మిషను బడిలో చదివి, బ్లాకు ఆఫీసులో పటాలు గీసే పనిలో కుదిరినవాడు. ఈ అగ్నికి దారి గీసింది అతని పెన్సిలే. వీధిలోని పశువుల పేడను, సంతబయలులో బండ్లెద్దులు వేసిన పేడను ఒక్కచోట చేర్చి, నీళ్ళు కలిపి గోతిలో పోస్తారు. గోతిలో బోర్లించిన పెద్ద ఇనుప డ్రమ్ము తేలుతూ ఉంటుంది. లోపల పుట్టిన గ్యాసు దానిని పైకి లేపుతుంది. డ్రమ్ము తన బరువుతో ఆ గ్యాసును గొట్టంలోకి నెడుతుంది. వీధి పేరుకు తగ్గట్టు గుర్రపులాడంలా వంగి ఉంటుంది. ఒక కొసన నరసప్ప ఇల్లు. ఆయన పెరట్లోనే గోతి, డ్రమ్ము. అక్కడ బయలుదేరిన గొట్టం నేతగాళ్ళ ఇళ్ళను వరుసగా తాకి, మలుపులో బడే సాబ్ ఇంటిని పలకరించి, రెండవ కొసనున్న మూడు కిరస్తానపు ఇళ్ళకు చేరుతుంది. మొత్తం తొమ్మిది పొయ్యిలు. తొమ్మిదవది దానమ్మది.

"చివరింట మండినాక నడిమిండ్ల సంగతి అడిగే పని లేదు," అన్నాడు ఆదోని నుంచి వచ్చిన ఓవర్సీరు కాశప్ప. "నీ పటానికి తిరుగు ల్యా కృపానందం!"

కృపానందం తల వంచుకున్నాడు గాని, లోపల గుండె గజం ఎత్తు లేచింది.

నరసప్ప ఆ వీధికి పెద్ద. పురాణంలో నాలుగు పద్యాలైనా చదవనిదే మగ్గం గుంతలో దిగి పోగు నడిపే నాడె పట్టడు. గోతికి చోటు ఇచ్చినవాడు, ముహూర్తం చూసినవాడు ఆయనే. ఉపవాసపు ముఖంతో, నుదుట తడి ఆరని తిరుమణి నామంతో వచ్చి, చూరు కింద నిలబడి, గడప అవతలనుంచే మంటకు చేతులు జోడించాడు.

"హవ్యవాహనుడు! ఎవరింట వెలసినా దేవుడు దేవుడే."

మాట లోపలికి వచ్చింది, మనిషి రాలేదు. దానమ్మ రమ్మని పిలవనూ లేదు. పీట తెచ్చి చూరు కిందనే వేసింది. పిలిచి కాదనిపించుకోవడం ఆమె పుట్టుకలో లేదు.

మరునాడు ద్వాదశి. కాకులు కూయకముందే లాడం వీధి మేలుకొంది. ఉపవాసమున్న ఇళ్ళలో పారణకు త్వర. మగ్గాల ఇళ్ళలో పడుగుకు పెట్టవలసిన గంజికి త్వర. పైకొస నుంచి కందిపప్పు ఉడికే వాసన, ఇంగువ తిరగమోత వాసన ఒకదాని వెనుక ఒకటి వీధి పొడుగునా నడిచి వచ్చాయి. దానమ్మ సంగటికి ఎసరు పెట్టింది. పొయ్యి వెలిగింది. చూస్తుండగానే నీలిరేకులు ముడుచుకున్నాయి. కలువ మొగ్గయింది, మొగ్గ ఆవగింజయింది, ఆవగింజ ఆరిపోయింది.

"తమ్ముడా," అంది దానమ్మ, గొంతు ఎత్తకుండానే.

కృపానందం మరల అగ్గిపుల్ల గీశాడు. పొయ్యి ఒకసారి తుస్సుమని ఊరుకుంది. వీధిలోకి పరుగెత్తాడు. పక్క రెండు ఇళ్ళలోనూ అదే తీరు. బడే సాబ్ ఇంట మంట ప్రమిదలో వత్తిలా వణుకుతోంది. "దీని మీద అన్నం ఉడికే లోపల మా పిల్లలకు పెండ్లిండ్లు అవుతాయి," అన్నాడు ఆయన. నేతగాళ్ళ ఇళ్ళలో మంట ఒక్కో ఇంటికి ఒక్కో వేలెడు పెరుగుతూ పోయింది. నరసప్ప వంటింటి కిటికీలోంచి చూస్తే పప్పుగిన్నె కింద హోరుమని మండుతోంది. పెరట్లో డ్రమ్ము మూడువంతులు పైకి లేచి నిలబడి ఉంది. గ్యాసుకు కొరత లేదు. కడుపు నిండుగా ఉండగా కాలి వేలికి రక్తం అందలేదు.

దానమ్మ ఆ పూట కుండను దించి, పెరట్లో మూడు రాళ్ళు పేర్చి, తుమ్మ చిదుగులు ముట్టించింది. పొగ గోడకు తగిలి, పైకి లేచి, నరసప్ప పెరటివైపు వంగింది.

ఆ తరువాతి ఉదయమూ అంతే. కబురు విని ఓవర్సీరు కాశప్ప బస్సు దిగి వచ్చాడు. పొయ్యిలన్నీ చూశాడు. పంచె ఎగగట్టి డ్రమ్ము చుట్టూ తిరిగాడు. తీర్పు చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేదు.

"గొట్టం పొడుగెక్కువాయ. ఆరిండ్లకు అయితే సరిపోతాది. సోమవారం వచ్చి మలుపుకాడ బిరడా బిగిస్తాను. కింది మూడిండ్లకూ గోతిలో తీసిన పేడను ఎండబెట్టి పిడకలు ఇప్పిస్తాంలే."

దానమ్మ అప్పుడే సంతబయలు నుంచి పేడగంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. రోజూ ఆ గోతికి మేత వేసే ముగ్గురు ఆడవాళ్ళలో ఆమె ఒకతె. గంప దించకుండానే నిలబడి వింది.

"పిడకలు చేసే విద్య మాకు నేర్పాల్నా సామీ? ఊరి గోడలకన్నిటికీ మా చేతులే ఉండాయి సూడు. పేడ మోసేది మేము, మంట మీకు, బూడిద మాకునా? బిరడా బిగించేది మీ ఇష్టం. పిడకలు మాత్రం నా వాకిట్లో దించొద్దు."

అంటూనే గంపతో గోతివైపు సాగిపోయింది. పని మానలేదు. పేడలో నీళ్ళు పోసి, పుల్లలు ఏరి, గడ్డలు చిదిపి, గంజిలా జారే దాకా కలిపి తూములో పోసింది. కోపం చేతిలోకి రానివ్వకపోవడమే ఆమె కోపం.

కృపానందానికి సోమవారం దాకా గడువు దొరికింది. అక్క పొయ్యి వెలగాలి. అది మొదటి మాట. తన పటం అబద్ధమాడిందా, నిజమాడిందా తేలాలి. అది రెండవ మాట. పైకి చెప్పకపోయినా రెండవది మొదటిదానికంటే తక్కువగా కుట్టలేదు.

గొట్టం ఎక్కడైనా కారుతోందేమోనని కుంకుడుకాయ నురుగు కలిపి, అతుకు అతుకుకూ కుంచెతో పూసుకుంటూ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు మోకాళ్ళ మీద నడిచాడు. సఫేదా రాసి జనపనార చుట్టిన అతుకులు; ఒక్క బుడగ లేవలేదు. మరింత లావు గొట్టం వేస్తే సరిపోతుందని తోచి ఆదోనికి పోయాడు. పత్తి మిల్లుల వెనుక పాత ఇనుము అమ్మే దుకాణాలన్నీ గాలించాడు. వీధి పొడుగుకు సరిపడా లావు గొట్టం ఒక్కచోటా లేదు. ఉన్న గొట్టంలో ఒక కొసన ఊదితే రెండవ కొసన తుప్పు రాలింది. చివరికి ఒక ముసలి సాయిబు మూడు బారల ముక్క తీసి అతని భుజాన పెట్టాడు.

"ఇంత దూరం వచ్చి వట్టి చేతుల్తో పోతే గొట్టం కాదు బాబూ, నీ ముఖం తుప్పు పడతాది. పట్టుకుపో."

ఆ ముక్క ఎందుకో తెలియకనే బస్సు మీద కట్టించుకొని తెచ్చి, దానమ్మ పెరటి గోడకు ఆనించాడు.

ఆ సాయంత్రం గొట్టంలో పోయే గ్యాసును కంటితో చూడలేమని అతనికి నిశ్చయమైంది. కంటికి కనబడేది ఏదైనా దాని మారుగా ప్రవహించాలి. నీళ్ళు! బొప్పాయి ఆకుల కాడలు, ఆముదపు ఆకుల కాడలు కోసుకొచ్చాడు. రెండూ బోలుగా ఉంటాయి. లావు బొప్పాయి కాడలు వీధి గొట్టం. సన్నని ఆముదపు కాడలు ఇళ్ళలోకి పోయే పాయలు. ప్రతి కాడలోనూ నీళ్ళు పోసి, ఒకే తీరున పారేవి మాత్రమే ఏరుకున్నాడు. మైనం కరిగించి అతికాడు. వాకిలి మట్టి మీద లాడం ఆకారంలో పరిచి, తిన్నె మీద కుండ పెట్టాడు. అదే డ్రమ్ము. కొలతల విషయంలో రాజీ పడలేదు. వీధిలో నూరడుగులున్న చోట కాడ ఒక మూర. వీధిలో తిరిగి ఇంటికొక లోటా అడిగి తెచ్చి, తొమ్మిదింటినీ వాటి వాటి స్థానాల్లో పెట్టాడు. ఎండకు కాడలు వాడి సొట్టలు పడేవి. పూటపూటకూ కొత్తవి కోసి మరల అతకవలసి వచ్చేది.

"బ్లాకు ఆఫీసాయన బొమ్మరిల్లు కడతాండాడు," అని వీధి నవ్వింది. బడే సాబ్ మాత్రం తన లోటా దగ్గర బాసిపట్టు వేసుకొని కూర్చున్నాడు, దానికి అన్యాయం జరగకుండా కావలి కాస్తున్నట్టు.

నీళ్ళు వదిలితే నరసప్ప లోటా గలగల నిండింది. బడే సాబ్ లోటా సగమైంది. దానమ్మ లోటా అడుగు తడిసి ఊరుకుంది. ద్వాదశి ఉదయం జరిగింది అదే. కృపానందం సంతోషించబోయి ఆగిపోయాడు. ఇదే నిజమైతే, ఏకాదశి నాడు అక్క పొయ్యి మీద పాలు ఎట్లా పొంగాయి? ఒకనాటి సత్యాన్ని మాత్రమే చెప్పే నమూనా సగం అబద్ధం. వాడిన కాడలన్నీ పెరటిగోడ వార పారవేసి, తల పట్టుకొని అక్కడే కూర్చున్నాడు.

గోడ అవతల అడుగుల చప్పుడైంది. నరసప్ప ఇల్లాలు తిప్పమ్మ తులసికి నీళ్ళు పోయ వచ్చింది. లాడపు రెండు కొసల పెరళ్ళ నడుమనున్న ఆ గోడకు వాకిలి లేదు. కాని దాని మీదుగా కరివేపాకు ఇటూ, మాటలు అటూ ఏనాటినుంచో పోతూ వస్తూ ఉన్నాయి.

"ఏమప్పా కృపానందం, గోడకు నీ మొర సెప్పుకుంటాండావా?"

"ఏకాదశి నాడు మండింది, ద్వాదశికి ఆరింది. ఎట్లనో అర్థమైతాలేదమ్మా."

తిప్పమ్మ పకపకా నవ్వింది. "ఏకాదశి నాడు ఎవరు వండినారు అబ్బీ? ముందురోజే పేలాలు విసిరి, బెల్లం దంచి పెట్టుకుంటిమి. పొద్దంతా పేలపిండి నోట్లో ఏసుకొని దగ్గుకుంటా కూసుంటిమి. మా పక్క ఏ ఇంట్లోనూ పొయ్యి ముట్టించింది ల్యా. మా ఇంటి పెద్దాయన మంచి ముహూర్తమని అదే నాడు పెట్టిరి గదా!"

కృపానందం లేచి నిలబడ్డాడు. వీధిలో ఒక్కరికైనా తట్టని మాట! పైకొస మొత్తం ఉపవాసమున్న నాడు వంట పొయ్యిని పరీక్షించారు. ముహూర్తంలో దోషం లేదు. ఆ ముహూర్తానికి ఆకలి లేదు. పరుగున వాకిటిలోకి వచ్చి, కొత్త కాడలు అతికి, నేతగాళ్ళ ఇళ్ళ పాయలు ఐదూ మైనంతో మూసి నీళ్ళు వదిలాడు. దానమ్మ లోటా గొంతు దాకా నిండి పొర్లింది. నమూనా రెండు నాళ్ళ సత్యమూ చెప్పింది. అతను నడుము మీద చేతులు పెట్టుకొని ఆ పొర్లే నీళ్ళను, కన్నకొడుకు తొలి అక్షరాలను చూసినట్టు చూశాడు.

జబ్బు తెలిసింది, మందు తెలియలేదు. వంతులవారీగా వండుకుంటే ఎట్లా ఉంటుందని అడిగి చూశాడు. "ఎండ పొడిస్తే గంజి పడుగుకు పట్టదు. పొద్దున్నే కాగాల్సిందే," అన్నారు నేతగాళ్ళు. "కూలికి పోయేటోళ్ళము, పొద్దెక్కినాక తింటే పనెవరిస్తారు?" అన్నారు కింది ఇళ్ళవారు. రెండూ నిజాలే.

ఆదివారం మిషను గుడిలో ప్రార్థన ముగిశాక దానమ్మ చీర మార్చుకొని పేడకు బయలుదేరింది. పశువుకు ఆదివారం లేదు గదా అంటుంది. గంపతో తిరిగివచ్చి వాకిట ఒక నిమిషం ఆగి మంచినీళ్ళు తాగి, మరల గంప ఎత్తుకొని వీధి పొడుగునా నడిచిపోయింది. కృపానందం పెరట్లో చేతులు కడుక్కుంటూ ఉండగా కొంతసేపటికి గోడకు ఆవల, చెంబు విసిరితే తగిలేంత దగ్గరలో, పేడనీళ్ళు తూములో జారే చప్పుడు, అక్క దగ్గు వినిపించాయి.

అతని చేతిలోని చెంబు అట్లాగే ఉండిపోయింది. అక్క ఇక్కడినుంచే కదా బయలుదేరింది! వీధి మొత్తం చుట్టి గోడకు ఆ పక్క తేలింది. గంప చుట్టూ తిరిగి పోతోంది, గ్యాసు చుట్టూ తిరిగి వస్తోంది. వీధి లెక్కన చిట్టచివరి ఇల్లు, గోడ లెక్కన మొట్టమొదటి ఇల్లు. గోడకు ఆనించిన ఆదోని గొట్టం ముక్క వైపు చూశాడు. మూడు బారలు. డ్రమ్ము నుంచి గోడ దాటి అక్క పొయ్యి దాకా మూడు బారలే.

అప్పటికప్పుడే నరసప్ప దగ్గరికి పోయి చెప్పాడు. రెండవ కొసను కూడా డ్రమ్ముకు కలిపితే గొట్టం ఉంగరమవుతుంది. గ్యాసు రెండు వైపులనుంచి వస్తుంది. ఎవరికి ఎక్కువ కావలసివస్తే అటు నడుస్తుంది.

నరసప్ప మగ్గం గుంతలోనే కూర్చొని, తెగిన పోగును ముడివేస్తూ విన్నాడు.

"అది మా తాత కట్టించిన గోడ," అన్నాడు చివరికి. "గోడ సంగతి అట్లుండనీ. ఒక మాట నిజం సెప్పు. రెండు పక్కలనుంచి వస్తాదంటివి. మీ ఇండ్ల మీదుగా వచ్చిన గ్యాసు మా మడి వంటింట్లో మండేదుంటాదా, ఉండదా?"

కృపానందం ఆ ప్రశ్నను మరునాటికి నెట్టాడు. "రేపు నీళ్ళతో చూపిస్తాను పెద్దాయనా. మీ కండ్లతోనే చూడండి," అన్నాడు.

ఇంటికి వచ్చి కాడలు అతుకుతూ అక్కకు చెప్పుకున్నాడు. "రెండో కొసకు ఇంకో కుండ పెట్టి, రెండింట్లోనూ వట్టి నీళ్ళే పోస్తే ఏ నీళ్ళు యాడికి పోయినాయో తెలీదక్కా. లోటాలు నిండడం చూసి ఒప్పుకుంటాడు."

దానమ్మ జొన్నలు చెరుగుతున్న చేట ఆపింది. "రంగు కలుపు."

"కలిపితే గోడ దాటనీడేమో."

"దాటనీకుంటే రాళ్ళపొయ్యి ఉండనే ఉండాది. మోసం చేసి తెచ్చుకున్న నిప్పు మీద వండిన కూడు నాకు దిగదు. రంగు కలుపు."

సోమవారం పొద్దున కాశప్ప బిరడా, పానా పట్టుకొని వచ్చేసరికి వీధి అంతా దానమ్మ వాకిట్లో ఉంది. తిన్నె మీద ఇప్పుడు రెండు కుండలు. ముందు గొట్టానికి పసుపు నీళ్ళ కుండ. గోడ దాటి రావలసిన గొట్టానికి అద్దకం తొట్టి నుంచి తెచ్చిన నీలిమందు కలిపిన కుండ. కృపానందం ముందు పసుపు ఒక్కటే వదిలాడు. దానమ్మ లోటా అడుగు మాత్రమే తడవడం అందరూ చూశారు. అప్పుడు నీలి కుండకు అడ్డుపెట్టిన మైనం తీశాడు.

కాడల్లో నీళ్ళు ఎదురెదురుగా నడిచాయి. దానమ్మ లోటాలో నీలం గలగలమంది. లోటాలన్నీ ఇంచుమించు ఒక్క తీరున నిండసాగాయి. పైకొసన పసుపు, కింది కొసన నీలం. నడుమ, సరిగ్గా మలుపులో, రెండూ కలిసి బడే సాబ్ లోటాలో ఆకుపచ్చ దిగింది.

"అల్లా! మా రంగే పంపించినాడు సూడండి!" అని ఆయన లోటా ఎత్తి అందరికీ చూపాడు. "మలుపులో ఉండేటోనికి అన్నీ తగులుతాయని మా నాయన ఊరికే అనలేదు."

జనం ఘొల్లుమన్నారు. కాశప్ప వంగి, ఒక్కొక్క లోటానూ పరీక్షగా చూసి, "శభాష్!" అన్నాడు. అది మాటవరసకు అన్నది కాదు. నరసప్ప తన లోటాలోకి తొంగిచూశాడు. మేలిమి పసుపు. నీలం చుక్క లేదు.

"అన్నా, మన పక్కకు ఏమీ కలవలేదు. ఇంక అభ్యంతరమేముంది?" అన్నాడు పక్కింటి బసవన్న ఊరటగా.

అక్కడితో ఆపివేయవచ్చు. గోడకు చిల్లి పడుతుంది, పొయ్యి వెలుగుతుంది. కృపానందం అక్క వైపు చూశాడు. ఆమె గంప చంకన పెట్టుకొని గుంజకు ఆనుకొని ఉంది. ముఖంలో ఏ సైగా లేదు.

"ఎప్పుడూ ఇట్లనే ఉండదు పెద్దాయనా," అన్నాడు. "ఏదో ఒకనాడు ముందు గొట్టంలో చెమ్మ చేరి అడ్డం పడొచ్చు. అప్పుడు..." వంగి, పసుపు కుండ దగ్గర బొప్పాయి కాడను రెండు వేళ్ళతో నొక్కిపెట్టాడు.

నీలం దానమ్మ ఇల్లు దాటింది. బడే సాబ్ ఇల్లు దాటింది. నేతగాళ్ళ లోటాలలో ఆకుపచ్చ చేసుకుంటూ ఒక్కొక్క ఇంటినీ దాటి, నరసప్ప పాయలోకి తిరిగింది. మేలిమి పసుపులో నీలపు తీగ ఒకటి దిగి, మెలికలు తిరిగి, విచ్చుకుంది.  బడే సాబ్ తన లోటాను మెల్లగా నేల మీద పెట్టేశాడు.

నరసప్ప తన లోటా మీదికి మరింత వంగాడు.

"అంటే ఆ పూట నా పొయ్యి ఆరదు."

"ఆరదు పెద్దాయనా."

"దానమ్మ ఇంటి మీదుగా వస్తాది."

"వస్తాది."

ఆయన తల ఎత్తాడు. కృపానందాన్ని కాదు, గుంజ దగ్గరి మనిషిని చూశాడు.

"అమ్మా, మొన్న ద్వాదశి నాడు నేను పారణ చేసినప్పుడు ఈ ఇంట్లో ఎసరు కాగలేదా?"

"ల్యా," అంది దానమ్మ. "మీ పప్పు వాసన మాత్రం వచ్చింది. ఇంగువ శానా బాగుండె."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నరసప్ప ముఖం ఆమె కొట్టినట్టే అయింది. ఆయన కండువా తీసి, మడిచి, మరల వేసుకున్నాడు.

"అతిథికి పెట్టి తినమన్నారు పెద్దలు. నేను పొరుగింటి నిప్పు గుంజుకొని తింటిని. ఏకాదశి నిలబడింది, ద్వాదశి పోయింది." కుండల వైపు చెయ్యి చూపాడు. "అగ్ని వచ్చే దోవ అడిగినాను గాని, రాకుండా పోయిన దోవ అడగలేదు."

తన లోటాను చేతిలోకి తీసుకున్నాడు. చెప్పులు చూరు కింద విడిచి, గడప దాటి, దానమ్మ ఇంట్లోంచి నడిచి పెరట్లోకి పోయాడు. వీధి వీధంతా ఆయన వెనుక కదిలింది. ఇల్లు చిన్నది కాబట్టి సగం మంది ఇంట్లోనే ఆగిపోయారు. కాశప్ప బిరడాను జేబులో వేసుకొని, పానా మాత్రం చేత పట్టుకొని వెంట నడిచాడు.

కృపానందం గోడ మీద సుద్దతో గుప్పెడంత సున్న చుట్టాడు. "ఇంత చాలు పెద్దాయనా."

"దేనికి?"

"గొట్టానికి."

"గంపకో?"

కృపానందానికి అర్థం కాలేదు. నరసప్ప గోడ మీద అరచేయి ఆనించి, అవతలి తూము చప్పుడు వింటున్నట్టు నిలబడ్డాడు.

"పేడ ఈడ బయలుదేరి వీధంతా తిరిగి ఆడికి పోతాది. ఇన్నాళ్ళు నా పెరట్లో నిలబడి చూస్తానే ఉంటిని. గొట్టం పట్టేంత కాదప్పా. గంప పట్టేంత కొట్టించు."

లోటాలో చూపుడువేలు ముంచి, గోడ మీద తన నడుమెత్తున ఒక ఆకుపచ్చ గీత గీశాడు. "ఇంత ఎత్తు పెడదామా?"

దానమ్మ గీతను చూసింది. తన చంకనున్న గంపను చూసింది.

"వంగి దూరాల్నా పెద్దాయనా? గంప చంకలో ఉండేది కాదు. నెత్తి మీద ఉండేది."

బసవన్న పెదవి చప్పరించాడు. నరసప్ప మాత్రం ఆమెను పైనుంచి కిందికి చూసి, తప్పు కొలత వేసిన నేతగాడిలా నాలుక కరచుకున్నాడు. గీతను అరచేతితో తుడిపేశాడు. "అవునమ్మా. నెత్తిన పెట్టుకొని నిలబడు."

దానమ్మ చుట్టకుదురు సవరించుకొని గంప తలకెత్తుకుంది. గోడను ఆనుకొని నిటారుగా నిలబడింది. నరసప్ప వేలు మరల లోటాలో ముంచి పైకి చాచాడు. అందలేదు. మునివేళ్ళ మీద లేచాడు. గంప అంచుకు జానెడు కిందనే వేలు ఆగిపోయింది.

గోడ అవతలినుంచి గొంతు వినిపించింది. "ఎవరప్పా అది, గోడ గోకుతాండేది?"

"నేనే తిప్పమ్మా. ఒక ఎత్తుపీట తీసుకురా."

"అయ్యో, నువ్వు ఆ పక్కకు యాల పోయినావు? పీట యాడనించి తేవల్ల? ఈడ వాకిలి ల్యాకపాయె!"

"వీధి చుట్టూ తిరిగి రా," అన్నాడు నరసప్ప. "ఈ ఒక్కసారికి."

గోడ ఆవల తిప్పమ్మ అడుగులు దూరమయ్యాయి. పీట వీధి పొడుగునా నడిచి, మలుపు తిరిగి వచ్చేదాకా దానమ్మ గంప దించలేదు, మెడ వంచలేదు.